పాత సోఫాను బాగుచేయించాలా, కొత్తది కొనాలా? చట్రం నుంచి గుడ్డ వరకు ఎంపిక

సోఫా బాగుచేయించుకుందామని మా దుకాణానికి వచ్చేవారిలో ఎక్కువమంది ముందుగా అడిగేది గుడ్డ రంగు గురించి. గోడలకు ఏది నప్పుతుంది, మురికి ఏది కనబడనివ్వదు, ఇప్పుడు అందరూ ఏది వేయించుకుంటున్నారు అన్న ప్రశ్నలతోనే అరగంట గడిచిపోతుంది. రాజమహేంద్రవరంలో ఇరవై ఏళ్లకు పైగా కుషన్ పని చేస్తున్న నాకు తెలిసినంతలో, సోఫా ఎన్నాళ్లు నిలుస్తుందన్నది గుడ్డ ఒక్కటే తేల్చే విషయం కాదు. గుడ్డ కింద స్పాంజి, స్పాంజి కింద బెల్టు లేదా స్ప్రింగు, వాటన్నిటినీ మోసే చెక్క చట్రం ఉంటాయి. చట్రంతో మొదలుపెట్టి పైకి చూసుకుంటూ వచ్చినవారు డబ్బును కావలసిన చోట ఖర్చుపెట్టగలుగుతారు. గుడ్డతో మొదలుపెట్టినవారు అక్కడే డబ్బంతా అయిపోయి, కంటికి కనిపించని చోట సర్దుకుంటారు. అందుకే ఈ పోలికను నేను చట్రం దగ్గర మొదలుపెడుతున్నాను.

చట్రం చూసిన తర్వాతే మిగతా మాట

ఏ నిర్ణయానికైనా ముందు ఇద్దరు పట్టుకుని సోఫాను బోర్లా తిప్పండి. అడుగున కొట్టిన పలచని నల్ల గుడ్డకు ఒక పక్క నాలుగైదు పిన్నులు ఊడదీసి, సెల్‌ఫోన్ లైటు వేసి లోపలికి చూస్తే సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది. చెక్క ఏమిటి, కీళ్లు ఎలా కలిపారు, ఎక్కడైనా విరిగిన పట్టీకి మేకుతో అతుకు వేశారా, మూలల్లో పిండిలాంటి పొడి రాలి ఉందా, మట్టి గీతలు పాకాయా అన్నవి చూడాలి. సన్నని రంధ్రాలు, వాటి కింద మెత్తటి పొడి ఉంటే పుచ్చు పురుగు తొలుస్తున్నట్టు. మట్టి గీతలు ఉంటే అవి చెదలు.

తర్వాత సోఫాను మామూలుగా నిలబెట్టి, ముందు కాళ్లలో ఒకదాన్ని ఆరంగుళాలు పైకెత్తండి. చట్రం బిగువుగా ఉంటే రెండో ముందు కాలు కూడా దానితోపాటే లేస్తుంది. అది నేలకే అంటిపెట్టుకుని ఉండిపోతే చట్రం మెలి తిరుగుతోందని, కీళ్లు వదులయ్యాయని అర్థం. చేతులు ఆనించుకునే పక్కలను బయటికి నెట్టి చూసినప్పుడు కదలిక వచ్చినా అదే లోపం. షోరూములో కొత్త సోఫా కొనేటప్పుడు కూడా ఈ రెండు పరీక్షలూ చేయవచ్చు. అమ్మేవారు ఏమనుకుంటారోనని మొహమాటపడనక్కరలేదు.

వడ్రంగిని ఇంటికి పిలిపించి, చెక్క కొనిచ్చి చేయించుకున్న పాత సోఫాలు మా ప్రాంతపు ఇళ్లలో ఇంకా చాలా కనిపిస్తాయి. వాటిలో ఎక్కువ టేకువి. కొన్నింటిలో బయటికి కనిపించే చేతులు, కాళ్లు మాత్రమే టేకుతో చేసి, లోపలి పట్టీలకు వేప లేదా మద్ది వాడతారు. టేకులో సహజంగా ఉండే నూనె వల్ల దానికి చెదలు అంత తొందరగా పట్టవు, తేమకు ఉబ్బడం, వంకర పోవడం కూడా తక్కువ. ఒక చెక్కను మరొక చెక్కలో దూర్చి బిగించిన కీళ్లు వదులైనా, విప్పి, పాత జిగురు గీకేసి, మళ్లీ అంటించి బిగిస్తే ఇంకో తరం వాడుకోవచ్చు. అలాంటి చట్రం మీ ఇంట్లో ఉంటే, పైన గుడ్డ ఎంత చిరిగి ఉన్నా, స్పాంజి ఎంత దిగబడి ఉన్నా, బాగుచేయించుకోవడమే మంచిదని నేను గట్టిగా చెబుతాను. అంత చెక్కతో ఈ రోజు కొత్తగా చేయించాలంటే అయ్యే ఖర్చును ఒకసారి టింబరు డిపోలో అడిగి చూడండి.

షోరూము సోఫాల చట్రాలు సాధారణంగా పైన్, రబ్బరు చెక్క, ప్లైవుడ్ లేదా ఏవో కలగలుపు చెక్కలతో చేసినవై ఉంటాయి. రబ్బరు చెక్క అనగానే నాసిరకమని కొట్టిపారేయకూడదు. పాల దిగుబడి తగ్గిన రబ్బరు చెట్లను కొట్టి తెచ్చే ఈ చెక్క గట్టిదే. అయితే అందులో పిండి పదార్థం ఎక్కువ కనుక, బోరాన్ మందు పట్టించి ఆరబెట్టకపోతే పుచ్చు పురుగుకు తొందరగా లోబడుతుంది. ప్లైవుడ్ అయితే దాని మీద ఐఎస్ 303 లేదా ఐఎస్ 710 ముద్ర ఉందేమో అడగండి. మొదటిది సాధారణ అవసరాలకు, రెండోది నీటిని బాగా తట్టుకునే మెరైన్ రకానికి సంబంధించిన ప్రమాణం. చట్రం మెత్తని చెక్కతో, మూలల్లో కేవలం స్టేపుల్ పిన్నులతో కలిపినదై, ముందు పట్టీ ఒకసారి విరిగి ఉంటే, దాని మీద ఖరీదైన గుడ్డ వేయించవద్దని నేనే చెబుతాను. పట్టీ మార్చగలం, కానీ మిగతా మూలలు కూడా అదే దారిలో ఉంటాయి.

నేను పాటించే లెక్క ఇది. చట్రం గట్టిదైతే, బాగుచేయించడానికి అయ్యే మొత్తం అదే స్థాయి చెక్కతో చేసిన కొత్త సోఫా ధరలో సగం దాటనంతవరకు పాతదే ఉంచుకోవాలి. ఇక్కడ "అదే స్థాయి" అన్న మాట ముఖ్యం. టేకు సోఫా మరమ్మతు ఖర్చును పైన్ సోఫా ధరతో పోల్చి, ఇంకొంచెం వేసుకుంటే కొత్తదే వస్తుందని అనుకోవడం నేను తరచుగా చూసే పొరపాటు. పాతది తీసుకుని కొత్తది ఇచ్చే పథకాల్లో కూడా ఈ నష్టమే జరుగుతుంది. ముందుగా పాతది ఇవ్వకుండా కొంటే ధర ఎంతో అడిగి తెలుసుకుంటే, మీ సోఫాకు నిజంగా ఎంత కట్టారో బయటపడుతుంది.

చెదలు ఒకే పట్టీకి పరిమితమై ఉంటే ఆ ముక్క తీసేసి, మిగతా చెక్కకు మందు పట్టించి కొనసాగించవచ్చు. నాలుగు వైపులా పాకి ఉంటే మాత్రం ఆ సోఫాను ఇంట్లోంచి పంపించివేయడం మంచిది, ఎందుకంటే పక్కనున్న తలుపు చట్రాలకు కూడా అది ముప్పే.

సీటు కింద బెల్టు, స్ప్రింగు, పలక

కూర్చోగానే ఒక పక్కకు ఒరిగిపోతోందని వచ్చే సోఫాల్లో చాలావాటికి స్పాంజి బాగానే ఉంటుంది, లోపం దాని కింద ఉంటుంది. ఇప్పటి సోఫాల్లో ఎక్కువగా వాడేవి రెండు. ఒకటి రబ్బరు సాగుడు బెల్టు, మంచానికి నవారు అల్లినట్టుగా అడ్డంగా, నిలువుగా అల్లి కొట్టేది. రెండోది పాములా మెలికలు తిరిగిన ఉక్కు తీగ, మేము జిగ్‌జాగ్ స్ప్రింగు అంటాము. బెల్టు మెత్తగా ఉంటుంది, చప్పుడు చేయదు, ధర తక్కువ. కాని మన ఎండలకు కొన్నేళ్లలో సాగుడు పోయి వేలాడుతుంది. జిగ్‌జాగ్ స్ప్రింగు ఎక్కువ కాలం బిగువు నిలుపుకుంటుంది. దానికి వచ్చే లోపం చాలాసార్లు చివర పట్టుకునే క్లిప్పు ఊడిపోవడమే కనుక, క్లిప్పు మార్చి మళ్లీ బిగిస్తే చాలు. సీటంతా విప్పి స్పాంజి మార్చాలని ఎవరైనా చెబితే, ముందు క్లిప్పులు చూపించమని అడగండి.

రోజూ నలుగురైదుగురు కూర్చునే హాలు సోఫాకు నేను జిగ్‌జాగ్ స్ప్రింగునే సూచిస్తాను. వరుసల మధ్య దూరం అయిదు అంగుళాలు మించకూడదు. ఖర్చు తగ్గించడానికి రెండు వరుసలు తీసేసి ఎడం పెంచిన సీట్లను నేను ఎన్నో విప్పాను. వీపు భాగానికి బెల్టు చాలు, అక్కడ బరువు తక్కువ.

చాలా పాత సోఫాల్లో గుండ్రటి చుట్టల స్ప్రింగులు, వాటిని పురికొసతో ఎనిమిది దిక్కులకు కట్టిన కట్లు, పైన గోనె గుడ్డ కనిపిస్తాయి. స్ప్రింగులు తుప్పు పట్టకపోతే వాటిని పారేయనివ్వకండి. తెగినవి పురికొసలు మాత్రమే. మళ్లీ కట్టడం తెలిసినవారు తగ్గిపోతున్నారు, ఒక రోజు పని ఎక్కువ పడుతుంది, అయినా అటువంటి సీటు ఇచ్చే సుఖం వేరే దేనికీ రాదు.

స్పాంజి కింద నేరుగా ప్లైవుడ్ పలక కొట్టే పద్ధతి కూడా ఉంది. దిగబడదన్నది నిజమే. కానీ సాగే గుణమంతా స్పాంజి ఒక్కటే భరించాలి కాబట్టి అది తొందరగా అణిగిపోతుంది. దివాను మంచానికి పలక సరిపోతుంది, సోఫా సీటుకు నేను వేయను.

స్పాంజి: చేత్తో నొక్కి కాదు, తూకం వేసి కొనండి

పాలీయూరిథేన్ అనే పదార్థాన్ని 1937లో జర్మనీలో ఒట్టో బాయర్ బృందం తయారుచేసింది. ఆ పదార్థంతో చేసిన మెత్తని ఫోమ్ పరుపుల్లోకి, కుర్చీల్లోకి రావడం 1950ల నుంచి మొదలైంది. అది మన ఊళ్లకు చేరేదాకా సీట్లలో నింపినవి బూరుగు దూది, పత్తి, కొబ్బరి పీచు. ఇప్పుడు స్పాంజి అంటే దాదాపుగా ఈ పాలీయూరిథేన్ ఫోమే, దాని గురించి దుకాణంలో మొదట వినిపించే మాట డెన్సిటీ.

40 డెన్సిటీ అంటే ఒక ఘనమీటరు స్పాంజి 40 కిలోలు తూగుతుందని అర్థం. అది గట్టిదనానికి కొలత కాదు. 40లో మెత్తనిది దొరుకుతుంది, 28లో గట్టిది కూడా దొరుకుతుంది. డెన్సిటీ చెప్పేది ఆ ముక్కలో అసలు పదార్థం ఎంత ఉందన్నది. పదార్థం ఎంత ఎక్కువ ఉంటే, రోజూ అణిగి లేచే పనిని అది అంత ఎక్కువ కాలం తట్టుకుంటుంది. అందువల్ల దుకాణంలో చేత్తో నొక్కి చూసి మంచి చెడ్డలు తేల్చడం కుదరదు. మొదటి రోజున తక్కువ రకం స్పాంజి కూడా చక్కగా పైకి లేస్తుంది, తేడా ఏడాది తర్వాత తెలుస్తుంది.

తేడాను కొనేరోజే పట్టుకోవడానికి తక్కెడ ఒకటి చాలు. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, నాలుగంగుళాల మందం ఉన్న ముక్క 40 డెన్సిటీ అయితే సుమారు ఒకటిన్నర కిలో, 32 అయితే కిలో 200 గ్రాములు, 28 అయితే కిలో 60 గ్రాములు తూగాలి. మీ ముక్క కొలత వేరైతే పొడవు, వెడల్పు, మందం మూడింటినీ అంగుళాల్లో గుణించి, దాన్ని డెన్సిటీతో గుణించి, వచ్చినదాన్ని 61,000తో భాగిస్తే ఉండవలసిన బరువు కిలోల్లో వస్తుంది. 40 అని చెప్పి ఇచ్చిన ముక్క కిలో కంటే తక్కువ తూగితే ఇక వాదన అవసరం లేదు. ఈ లెక్క నేను నా ప్రతి ఖాతాదారుకు కాగితం మీద రాసి ఇస్తాను. నా దగ్గర పని చేయించుకోకపోయినా సరే, వేరే చోట మోసపోకుండా ఉంటే నాకు సంతోషమే.

ఇక ఏ చోట ఏది వేయాలన్న విషయం. సీటుకు 40 డెన్సిటీ నాలుగంగుళాలు వేసి, పైన అంగుళం మెత్తని స్పాంజి పరిస్తే చాలా ఇళ్లకు సరిపోతుంది. హెచ్ఆర్ అనే రకం, అంటే ఎక్కువ సాగుడు గుణం ఉన్నది, మామూలు స్పాంజి కంటే ఖరీదు ఎక్కువ. కూర్చున్నప్పుడు శరీరానికి తగ్గట్టు ఒదిగి, లేవగానే తిరిగి ఆకారానికి వస్తుంది. డబ్బు ఎక్కడో ఒకచోట మిగిలితే నేను గుడ్డలో కాక ఇక్కడ పెట్టమంటాను. వీపుకు 28 డెన్సిటీ చాలు. తునకలన్నిటినీ జిగురుతో కలిపి అచ్చు పోసిన రీబాండెడ్ స్పాంజి చాలా బరువుగా, గట్టిగా ఉంటుంది. అడుగు పొరగా అంగుళం వేస్తే మేలు, సీటంతా దానితోనే చేస్తే చెక్క మీద కూర్చున్నట్టే ఉంటుంది. తూకం లెక్కలో కూడా అది తికమక పెట్టగలదు కాబట్టి, ముక్క రంగురంగుల తునకలతో ఉందా అన్నది చూసుకోవాలి.

కొబ్బరి పీచుకు రబ్బరు పాలు పట్టించి చేసిన పలకలకు గాలి ఆడే గుణం ఉంది. కానీ అణిగిన చోట అది మళ్లీ లేవదు. రబ్బరు పాలతో చేసిన లేటెక్స్ చాలా మంచిది, బరువెక్కువ, ధర ఎక్కువ, ఎండ తగిలితే పాడవుతుంది. వీపు దిండ్లలో నింపే రెక్రాన్ అనే దూదిలాంటి పాలిస్టర్ పీచు మొదట ఎంతో మృదువుగా ఉంటుంది, అయితే వారానికొకసారి దులిపి తట్టే ఓపిక లేని ఇంట్లో ఆరు నెలలకే ముద్దకడుతుంది. ఇక టీవీల పెట్టెల్లో వచ్చేలాంటి తెల్లటి ప్యాకింగ్ షీటును చేతుల్లోనూ, కొన్నిసార్లు సీటు అడుగునా దాచి కొట్టేవారున్నారు. అది ఒకసారి అణిగితే అంతే. గుడ్డ బిగించకముందు లోపలి పొరలను ఒకసారి చూపించమని అడగడం మీ హక్కు.

పాత స్పాంజి పసుపు పచ్చగా మారినంత మాత్రాన పాడైనట్టు కాదు, గాలికీ వెలుతురుకూ అది రంగు మారుతుంది. చేత్తో నలిపితే పొడిగా రాలుతున్నా, నొక్కిన గుంట అలాగే ఉండిపోతున్నా అప్పుడు మార్చాలి.

మరొక మాట, ఇది సుఖానికి కాక ప్రాణానికి సంబంధించినది. ఈ స్పాంజి అంటుకుంటే చాలా వేగంగా మండుతుంది, ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సైనైడ్ ఉంటాయి. సోఫా పక్కన దోమల చుట్ట, అగరుబత్తి, దీపం పెట్టకండి.

పై కప్పు: రెక్సిన్, తోలు, గుడ్డ

రెక్సిన్ అన్నది నిజానికి ఇంగ్లండులో ఒక కంపెనీ పెట్టుకున్న పేరు. మన దగ్గర తోలులా కనిపించే ప్రతి కృత్రిమ కప్పుకూ అదే పేరు స్థిరపడిపోయింది. ఈ ఒక్క పేరు కింద రెండు వేరువేరు సరుకులు అమ్ముడవుతున్నాయని తెలియకపోవడం వల్ల జనం నష్టపోతున్నారు. మొదటిది పీవీసీ పూత వేసిన గుడ్డ. బరువుగా, కాస్త బిరుసుగా, ప్లాస్టిక్ వాసనతో ఉంటుంది, నీటికి చెక్కుచెదరదు. కాలం గడిచేకొద్దీ, ముఖ్యంగా ఎండ తగిలే చోట, దాన్ని మెత్తగా ఉంచే పదార్థం ఆవిరైపోయి గట్టిపడి పగులుతుంది. రెండోది పీయూ, అంటే పాలీయూరిథేన్, పూత వేసినది. చేతికి పట్టులా తగులుతుంది, చూడటానికి అచ్చం తోలులా ఉంటుంది, ధర కూడా ఎక్కువ. కానీ వేడీ తేమా కలిసిన గాలిలో ఆ పూత రసాయనికంగా విడిపోయి, బొబ్బలెక్కి, పొలుసులు పొలుసులుగా రాలుతుంది.

ఈ సంగతి నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. కాకినాడలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఇంటికి, వారు అడిగిన దానికంటే మంచిదన్న నమ్మకంతో, ఖరీదైన పీయూ కప్పు నేనే ఎంచి వేశాను. రెండో వానాకాలం గడిచేసరికి సీటు పొట్టు రాలడం మొదలైంది, పిల్లల బట్టలకు అంటుకునేదని ఆ ఇంటి అమ్మగారు బాధపడ్డారు. నా మజూరీ తీసుకోకుండా గుడ్డతో మళ్లీ వేసి ఇచ్చాను. అప్పటి నుంచి విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రపు ఊళ్లవారికి మామూలు పీయూ వద్దంటున్నాను. తేమను తట్టుకునే విధంగా చేసిన పీయూ రకాలు ఉన్నాయి, అవి కావాలంటే ఆ గుణం గురించి బిల్లు మీద రాయించుకోవాలి. గాలిలో తేమ తక్కువగా ఉండే హైదరాబాదులో పీయూ ఇంతకంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

"బాండెడ్ లెదర్" అన్న పేరుతో అమ్మేది కూడా ఇదే కోవలోకి వస్తుంది. తోలు పొడిని అంటించి పైన పూత వేసిన ఆ సరుకును తోలు ధరకు కొనకండి. అసలు తోలు ఎన్నో ఏళ్లు ఉంటుంది, వాడేకొద్దీ అందం పెరుగుతుంది. కానీ చదరపు అడుగుల లెక్కన కొనాలి, అంచుల్లో వృథా చాలా పోతుంది, మూసి ఉంచిన గదిలో వానాకాలం బూజు పడుతుంది. క్రమం తప్పకుండా తుడిచి, ఏడాదికి రెండుసార్లు తోలుకు రాసే క్రీము పట్టించే ఇంటికే అది తగినది.

తోలు, రెక్సిన్, గుడ్డ మూడింటికీ మన ఇళ్లలో ఉమ్మడి శత్రువు తలకు రాసుకునే కొబ్బరి నూనె. రెక్సిన్‌ను తల ఆనే చోట ముందుగా బిరుసెక్కించేదీ, గుడ్డ మీద వదలని మరక వేసేదీ అదే. వీపు పైన చిన్న తువాలు గానీ, విడిగా ఉతికే గుడ్డ గానీ వేసుకోండి.

గుడ్డల్లో నూలు చెమటను పీల్చుకుంటుంది, వేసవిలో హాయిగా ఉంటుంది, అయితే ఎండకు వెలుస్తుంది, ఉతికితే ముడుచుకుంటుంది. నేతలోనే డిజైను తేలే పాలిస్టర్ జకార్డ్ గుడ్డకు రంగు నిలుస్తుంది, మరక తేలికగా పోతుంది, కాని ఒంటికి కొంచెం వేడి. రెండూ కలిపి నేసినది మధ్యస్థంగా ఉండి చాలామందికి సరిపోతుంది. వెల్వెట్‌కు చేత్తో నిమిరినప్పుడు ఒక దిక్కున నునుపు, మరో దిక్కున గరుకు ఉంటుంది. అన్ని ముక్కలనూ ఒకే దిక్కుగా, నునుపు కిందికి ఉండేలా కత్తిరించకపోతే సీటు ఒక రంగులో, వీపు మరో రంగులో కనిపిస్తాయి. పనివాడి శ్రద్ధను వెల్వెట్ పట్టి ఇస్తుంది. పిల్లి ఉన్న ఇంట్లో నూగు తేలిన లావు పోగులతో నేసిన షెనిల్ కంటే దట్టమైన వెల్వెట్ మేలు, గోళ్లకు చిక్కే పోగులు అందులో ఉండవు.

గుడ్డ రాపిడిని ఎంత తట్టుకుంటుందో మార్టిండేల్ అనే పరీక్షతో కొలిచి, ఎన్ని రుద్దుళ్లకు నిలిచిందో అంకె ఇస్తారు. మంచి కంపెనీల నమూనా పుస్తకాల్లో వెనకవైపు ఆ అంకె ఉంటుంది. రోజూ వాడే హాలు సోఫాకు 25,000కు తగ్గనిది, పిల్లలు గంతులేసే ఇంటికి 30,000 పైబడినది తీసుకోవాలి. అదే చోట శుభ్రపరిచే గుర్తు కూడా ఉంటుంది. డబ్ల్యూ అక్షరం ఉంటే నీటితో తుడవవచ్చు, ఎస్ ఉంటే నీళ్లు తగలనివ్వకుండా డ్రైక్లీనింగ్ ద్రావకమే వాడాలి, ఎక్స్ ఉంటే దుమ్ము లాగడం తప్ప మరేమీ చేయకూడదు. మన దుమ్ముకు, మన ఇళ్ల వాడకానికి డబ్ల్యూ గుర్తున్నదే నా సలహా.

బిగించి కొట్టడమా, గలేబులా?

గుడ్డను చట్రానికే పిన్నులతో బిగించి కొడితే ముడతలు లేకుండా చూడముచ్చటగా ఉంటుంది, కానీ విప్పి ఉతకలేరు. సీటు, వీపు దిండ్లకు జిప్పు ఉన్న గలేబులు కుట్టించి, చేతులకూ చట్రానికీ మాత్రం బిగించి కొట్టించడం పిల్లలున్న ఇంటికి మంచి మార్గం. గలేబులకు నూలు గుడ్డ ఎంచుకుంటే కత్తిరించకముందే ఒకసారి తడిపి ఆరవేయించండి. అది చేయకపోతే మొదటి ఉతుకుకే జిప్పు పట్టదు. మొత్తం సోఫా మీద తొడిగే సాగుడు కవర్లు అద్దె ఇళ్లవారికి తాత్కాలికంగా పనికొస్తాయి. అవి లోపలి లోపాన్ని కప్పుతాయే కాని తీర్చవు.

మీటర్ల లెక్క, మజూరీ

సోఫా గుడ్డ సాధారణంగా 54 అంగుళాల పన్నాలో వస్తుంది. ముగ్గురు కూర్చునేది ఒకటి, ఒంటరి కుర్చీలు రెండు ఉన్న సెట్టుకు సుమారు 12 నుంచి 15 మీటర్లు పడుతుంది. పెద్ద పువ్వుల డిజైను అయితే పువ్వు పువ్వుకూ కలపాలి కాబట్టి ఇంకా రెండు మీటర్లు ఎక్కువ కావచ్చు. మీటరు ధర మాత్రం తక్కువగా చెప్పి, ఎన్ని మీటర్లు పడుతుందో పని అయ్యాక చెప్పేవారి దగ్గర జాగ్రత్తగా ఉండాలి. వీధుల్లో తిరుగుతూ అప్పటికప్పుడు ఇంటి ముందే చేసిపెడతామనేవారితో ఈ ఇబ్బంది ఎక్కువగా వస్తోంది. పని మొదలుకాకముందే గుడ్డ ఎన్ని మీటర్లు, స్పాంజి ఏ డెన్సిటీ ఎన్ని అంగుళాలు, స్ప్రింగులు ఎన్ని వరుసలు, మజూరీ ఎంత అన్నవి విడివిడిగా కాగితం మీద రాయించుకోండి.

సరుకు మీరు కొనిచ్చి మజూరీ మాత్రం ఇవ్వడమా, అంతా పనివాడికే అప్పగించడమా అన్నది మీ తీరికను బట్టి ఉంటుంది. గుడ్డ మీరు కొనడంలో ఇబ్బంది లేదు. స్పాంజి మాత్రం తూకం లెక్క చూడగలిగితేనే మీరు కొనండి, లేదా పనివాడిని వెంట తీసుకువెళ్లండి. సీటు దిగబడితే తప్పు స్పాంజిదా, పనిదా అన్న తగాదా అప్పుడు రాదు. పని ఇంటి దగ్గర చేయిస్తే కళ్లముందు జరుగుతుంది, అయితే జిగురు వాసనకు, దుమ్ముకు పసిపిల్లలను, ఉబ్బసం ఉన్నవారిని రెండు రోజులు దూరంగా ఉంచాలి. చట్రం కీళ్లు విప్పవలసి వస్తే దుకాణానికి పంపడమే సరైనది.

పెద్దవాళ్లున్న ఇంటికి ఒక ప్రత్యేకమైన మాట చెప్పాలి. ఇప్పటి సోఫాలు చాలావరకు నేలకు దగ్గరగా, లోతుగా ఉంటున్నాయి. మోకాళ్ల నొప్పులున్నవారు వాటిలో కూర్చున్నాక ఒకరి చెయ్యి పట్టుకుంటే తప్ప లేవలేరు. కొత్తది కొంటున్నా, పాతది బాగుచేయిస్తున్నా, ఆ పెద్దమనిషినే కూర్చోబెట్టి, స్పాంజి అణిగిన తర్వాత నేల నుంచి సీటు ఎత్తు ఎంతుందో కొలవాలి. చాలామందికి 18 అంగుళాలు సౌకర్యంగా ఉంటుంది. తక్కువైతే కాళ్ల కింద చెక్క దిమ్మలు బిగించడం చిన్న పని, తక్కువ ఖర్చు. మా అమ్మ కోసం ఒక ఒంటరి కుర్చీకి గట్టి స్పాంజి వేసి, రెండంగుళాలు ఎత్తు పెంచి ఇచ్చాను. ఇంట్లో పెద్ద సోఫా ఖాళీగా ఉన్నా ఆమె అందులోనే కూర్చుంటుంది.

పని అయ్యాక మిగిలిన గుడ్డను పనివాడి దగ్గర వదిలిపెట్టకుండా అడిగి తీసుకోండి, వీలైతే ముందే అర మీటరు ఎక్కువ కొనండి. సోఫాలో అన్నిటికంటే ముందు అరిగేది చేతుల ముందు భాగం. మూడు నాలుగేళ్ల తర్వాత అదే గుడ్డ అదే రంగులో బజారులో దొరకదు. గుడ్డ కంపెనీ, డిజైను నంబరు ఉన్న చీటీని ఆ ముక్కకే గుండుసూదితో గుచ్చి, ఎండ తగలకుండా బీరువాలో పెట్టి ఉంచండి.